పొద్దున కలిపిన మందు ఎక్కడికి పోతుంది? – ద్రావణాల గాఢతపై ఎండ, చలి ప్రభావం



ఏప్రిల్ నెలలో ఒకనాడు కోలారు జిల్లా సరిహద్దు పల్లెలో ఒక రైతు ఇంటికి వెళ్లడం జరిగింది. ఆ ఇంటివారు కొత్త పంటకు పెంపకపు గదిని శుద్ధి చేసుకుంటున్నారు. ఉదయం 8 గంటలకే డ్రమ్ములో సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి పెట్టుకున్నారు. స్ప్రేయరు తగిలించే సమయానికి కరెంటు పోయింది. మళ్లీ వచ్చేటప్పటికి మధ్యాహ్నం 3 దాటింది. అప్పటిదాకా డ్రమ్ము వాకిట్లో ఎండలోనే, మూత లేకుండా ఉంది. ఆ నీళ్లతోనే గోడలు, తట్టలు, చంద్రికలు తడపబోతుంటే, వద్దు, మళ్లీ కలుపుకోండి అని చెప్పాము. ఆ ఇంటి ఇల్లాలు ఒప్పుకోలేదు. "పొద్దున కలిపిందే కదా సార్, ఎవరూ తాకలేదు, ఒక్క చుక్క ఒలకలేదు. ఎండకు నీళ్లు ఇగిరిపోయి మందు ఇంకా చిక్కబడాల గాని, యాడికి పోతుంది?" అని అడిగింది.

ఆమె అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఉప్పునీళ్ల విషయంలో అయితే ఆమె మాటే నిజం. బ్లీచింగ్ నీళ్ల విషయంలో అది నిజం కాదు. ఈ రెంటికీ తేడా ఎక్కడ వస్తుందో తెలిస్తే, శుద్ధి పనిలోనే కాదు, తోటలో ఎరువు కలిపేటప్పుడు కూడా మీకు పనికివస్తుంది. అందువల్ల కొంచెం మొదటినుంచి చెబుతాము.

ముందుగా వంటింటి ఉప్పు

9 లీటర్ల నీళ్లలో 1 కిలో ఉప్పు కరిగించారనుకోండి. మొత్తం బరువు 10 కిలోలు, అందులో ఉప్పు 1 కిలో. అంటే బరువు ప్రకారం 10 శాతం ద్రావణం. దీనిని మూత బిగించి ఎండలో పెట్టండి. నీళ్లు వేడెక్కుతాయి. ఉప్పు బరువు మారలేదు, నీళ్ల బరువు మారలేదు. కాబట్టి శాతమూ మారలేదు. మారేది ఒక్కటే, వేడికి ద్రావణం కొద్దిగా ఉబ్బుతుంది. 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే 10 లీటర్లకు 60 నుంచి 80 మిల్లీలీటర్ల దాకా పెరుగుతుంది. ఒక చిన్న టీ గ్లాసుకు లోపే. పిచికారీ మందుకు ఇది లెక్కలోకి రాదు.

అదే గిన్నెను మూత తీసి పెట్టండి. సాయంత్రానికి 1 లీటరు నీళ్లు ఆవిరయ్యాయనుకుంటే, ఉప్పు మాత్రం ఆవిరి కాదు. 9 కిలోల ద్రావణంలో 1 కిలో ఉప్పు మిగిలింది. 10 శాతం ఉన్నది 11 శాతం దాటింది. సముద్రపు ఒడ్డున ఉప్పుమళ్లలో జరిగే పని ఇదే. ఆ ఇల్లాలు చెప్పిన "చిక్కబడటం" ఇక్కడ అక్షరాలా నిజం.

అయితే చిక్కదనాన్ని కొలిచే చోట ఇంకో చిక్కు ఉంది. పాల సొసైటీలో లాక్టోమీటరు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అప్పుడే పిండిన వెచ్చటి పాలలో లాక్టోమీటరు కొంచెం ఎక్కువగా మునిగి, రీడింగు తక్కువ చూపిస్తుంది. అవే పాలు చల్లారాక రీడింగు పెరుగుతుంది. పాలలో ఎవరూ నీళ్లు కలపలేదు, తీయలేదు. వేడికి పాలు ఉబ్బి తేలికపడ్డాయి, అంతే. అందుకే తెలిసిన కార్యదర్శి థర్మామీటరు కూడా పెట్టి, వేడిని బట్టి రీడింగును సరిచేస్తాడు.

గ్రెయినేజిలో విడి గుడ్లు తయారుచేసేటప్పుడు సరిగ్గా ఇదే లెక్క ఉంటుంది. గంజి పెట్టిన గుడ్డ మీద పెట్టించిన గుడ్లను విడదీసి, కడిగి, ఉప్పునీళ్లలో వేస్తారు. ఫలదీకరణ చెందనివి, చచ్చినవి పైకి తేలుతాయి. మంచి గుడ్లు అడుక్కు దిగుతాయి. ఆ ఉప్పునీళ్ల విశిష్ట సాంద్రత 1.06 నుంచి 1.09 మధ్య ఉండాలి. దానిని హైడ్రోమీటరుతో చూస్తారు. ఇది కూడా లాక్టోమీటరు జాతిదే. 10 శాతం ఉప్పునీళ్లు 20 డిగ్రీల వద్ద సుమారు 1.071 చూపిస్తే, 40 డిగ్రీల వద్ద అవే నీళ్లు 1.062, 1.063 దగ్గర చూపిస్తాయి. ఈ తేడా 1 శాతం ఉప్పు కంటే ఎక్కువ. వేడి నీళ్లలో కొలిచి, "తగ్గింది" అని ఉప్పు కలుపుతూ పోతే, చల్లారిన తర్వాత నీళ్లు మరీ బరువెక్కి మంచి గుడ్లు కూడా తేలే ప్రమాదం ఉంది. ఇది మీరు ఇంట్లో చేసే పని కాదు గనుక ఇంతటితో ఆపుదాం. ఏ ద్రావణమైనా ఏ వేడి వద్ద కొలిచారో చెప్పకపోతే ఆ కొలత సగం కొలతే అని మాత్రం గుర్తుంచుకోండి.

వేడికి కరిగేవి, వేడికి కరగనివి

"నీళ్లు వేడి చేస్తే ఏదైనా బాగా కరుగుతుంది" అని మనందరి నమ్మకం. చక్కెరకు అది చెల్లుతుంది. అన్నింటికీ చెల్లదు.

వంటింటి ఉప్పునే తీసుకోండి. 100 గ్రాముల నీళ్లలో 20 డిగ్రీల వద్ద 36 గ్రాముల దాకా కరుగుతుంది. మరిగే నీళ్లలో కూడా 39 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. వేడి చేసినందువల్ల త్వరగా కరుగుతుంది గాని, ఎక్కువగా కరగదు. ఈ రెండూ వేరు వేరు సంగతులు.

డ్రిప్పు ద్వారా మల్బరీ తోటకు 13-0-45 ఇచ్చే రైతులు దీనికి పూర్తిగా వ్యతిరేకమైనదాన్ని చూసి ఉంటారు. అది పొటాషియం నైట్రేట్. 100 గ్రాముల నీళ్లలో 10 డిగ్రీల వద్ద సుమారు 21 గ్రాములు, 20 డిగ్రీల వద్ద 32 గ్రాములు, 40 డిగ్రీల వద్ద దాదాపు 64 గ్రాములు కరుగుతుంది. మధ్యాహ్నం వెచ్చటి నీళ్లలో చిక్కగా కలిపి, మరునాటి కోసం ట్యాంకులో వదిలేశారనుకోండి. హోసూరు, కోలారు పీఠభూమి మీద డిసెంబరు రాత్రి చలి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. చల్లబడిన నీళ్లు అంత ఎరువును మోయలేవు. మోయలేనిదంతా సూదుల్లాంటి పలుకులుగా అడుగున పేరుకుంటుంది. పైన ఉన్న నీళ్లలో ఎరువు సగానికి సగం తగ్గిపోయి ఉంటుంది. ఉదయం వాల్వు తిప్పితే మొదటి మళ్లకు పలుచటి ఎరువు, ఫిల్టరుకు, డ్రిప్పర్లకు పలుకులు. ఎరువు కొట్లో నాసి సరుకు ఇచ్చారని అనుకునే ముందు ట్యాంకు అడుగు చూడండి. చలికాలంలో ఈ ఎరువును 10 లీటర్ల నీళ్లకు 1 కిలో మించకుండా, ఏ రోజుది ఆ రోజే కలుపుకుంటే ఈ బాధ ఉండదు. ఇంకొక మాట. 13-0-45 గాని, యూరియా గాని నీళ్లలో వేసి చేయి పెడితే చల్లగా తగులుతుంది. కరిగేటప్పుడు అవి నీళ్లలోని వేడిని లాక్కుంటాయి. అందుచేత అసలే చల్లగా ఉన్న నీళ్లు ఇంకా చల్లబడి, కరగడం మందగిస్తుంది. కొంచెం కొంచెంగా వేసి కలపడం మంచిది.

ఇక సున్నం. ఇది ఎదురు తిరిగిన సరుకు. నీళ్లు వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. లీటరు నీళ్లలో 20 డిగ్రీల వద్ద 1.7 గ్రాములు, 40 డిగ్రీల వద్ద 1.4 గ్రాములు, మరిగే నీళ్లలో 1 గ్రాము కూడా కరగదు. శుద్ధి ద్రావణంలో మనం వాడేది 0.3 శాతం, అంటే లీటరుకు 3 గ్రాములు. అందులో సగానికి అటూ ఇటూ ఎప్పటికీ కరగకుండా అడుగున తెల్లగా నిలుస్తుంది. అది లోపం కాదు, సున్నం స్వభావం. కొందరు రైతులు "తెట్టు కరగలేదు" అని వేడినీళ్లు పోస్తారు. దానివల్ల కరిగిన సున్నం కూడా విడిపోతుంది. పైగా ఆ వేడి బ్లీచింగ్ పౌడరుకు శత్రువు.

బ్లీచింగ్ నీళ్ల సంగతి

ఇప్పుడు ఆ ఇల్లాలి ప్రశ్నకు వద్దాం. బ్లీచింగ్ పౌడరు కూడా ఒక రకమైన లవణమే. కానీ దానిని మనం లవణం కోసం వాడటం లేదు. దానిలోని చురుకైన క్లోరిన్ కోసం వాడుతున్నాం. రోగక్రిములను చంపేది అదే. మంచి పౌడరులో ఇది 30 శాతం దాకా ఉంటుంది. వేడికి, వెలుగుకు ఈ క్లోరిన్ శక్తి విరిగిపోతుంది. విరిగిన తర్వాత మిగిలేది క్లోరైడు, క్లోరేటు వంటి లవణాలు. వాటికి మన పనిలో పసలేదు.

అందుచేత మందు ఎక్కడికీ పోలేదు, డ్రమ్ములోనే ఉంది. దాని పస పోయింది. బరువు తూచినా, హైడ్రోమీటరు వేసినా, నాలుక మీద వేసుకున్నా (అటువంటి పని చేయవద్దు) ఉప్పదనం అంతే ఉంటుంది. మూత లేని డ్రమ్ములో నీళ్లు ఇగిరి, లవణం ఇంకా చిక్కబడి ఉండవచ్చు కూడా. ఉప్పు లెక్కన గాఢత పెరిగింది, మందు లెక్కన తగ్గింది. రెండూ ఒకే డ్రమ్ములో, ఒకే పూటలో.

ఎంత తగ్గిందనేది కంటితో చెప్పలేం. నీళ్లు ఎంత వేడెక్కాయి, ఎండ నేరుగా పడిందా, డ్రమ్ము శుభ్రంగా ఉందా అనేవాటిని బట్టి ఉంటుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే విరిగే వేగం ఇంచుమించు మూడు రెట్లు అవుతుంది. సూర్యకాంతి అంతకంటే తొందరగా పని చేస్తుంది. పేడ, మట్టి, ఆకు ముక్కలు, తుప్పు ఉన్న ఇనుప డ్రమ్ము ఇవన్నీ క్లోరిన్‌ను తినేస్తాయి. కొందరు వాసన చూసి "ఘాటుగానే ఉంది" అంటారు. వాసన అంటే బయటికి పోతున్న క్లోరిన్, లోపల మిగిలినది కాదు. వాసనను కొలతగా తీసుకోవద్దు.

ఇందులో సున్నం పాత్ర ఏమిటని అడగవచ్చు. సున్నం వల్ల నీళ్లు క్షారంగా ఉంటాయి. క్షారంలో క్లోరిన్ నిలకడగా ఉంటుంది. అంతేకాక గ్రాసరీ వైరస్ గట్టి పలుకుల వంటి కవచంలో దాగి నెలల తరబడి గదిలో బ్రతుకుతుంది. ఆ కవచం క్షారానికి కరుగుతుంది. కవచం కరిగిన తర్వాత లోపలి వైరస్‌ను క్లోరిన్ చంపుతుంది. సున్నం తలుపు తీస్తే క్లోరిన్ లోపలికి పోతుందన్నమాట. సున్నం "ఖర్చు తగ్గించడానికి" మానేసే రైతులు దీనిని గమనించాలి. కిలో సున్నం ధర ఎంత, పోయిన పంట ధర ఎంత?

కలిపే కొలత మీకు తెలిసినదే. 10 లీటర్ల నీళ్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, 30 గ్రాముల ఆరిన సున్నం. అంటే 2 శాతం, 0.3 శాతం. 100 లీటర్ల డ్రమ్ముకు 2 కిలోలు, 300 గ్రాములు. ముందు సున్నం నీళ్లలో కలపండి. పౌడరును విడిగా ప్లాస్టిక్ బక్కెట్టులో కొద్ది నీళ్లతో జావలా కలిపి, ఆ తర్వాత సున్నపు నీళ్లలో పోయండి. 10 నిమిషాలు తేరనిచ్చి పైతేట వాడండి. అడుగు తెట్టు స్ప్రేయరు నాజిల్‌కు అడ్డం పడుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ, వీపు గాలివైపు. యూరియా గాని, ఇతర ఎరువులు గాని కలిపిన డ్రమ్మును కడగకుండా దానిలో బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ కలపవద్దు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో అసలే కలపవద్దు. రెండింటిలోనూ ప్రాణాపాయమైన వాయువులు పుడతాయి.

పొడిగా ఉన్న పౌడరుకు కూడా ఇదే జబ్బు ఉంది. రేకుల షెడ్డులో, నోరు తెరిచిన సంచిలో వేసవి అంతా ఉంటే దాని పస ఇట్టే తగ్గిపోతుంది. 30 శాతం ఉన్నది 15 శాతానికి దిగిందనుకోండి. మీరు 200 గ్రాములు సరిగ్గా తూచి వేసినా, పడింది 100 గ్రాముల మందే. తూకం తప్పలేదు, శుద్ధి తప్పింది. అందుచేత పంటకు సరిపడా మాత్రమే, గట్టిగా మూసిన ప్లాస్టిక్ కవరులోది, తయారీ తేదీ చూసి కొనండి. గడ్డకట్టి, తేమపట్టి ఉన్నది చవకగా వచ్చినా వద్దు.

ఫార్మలిన్‌కు ఎదురు సూత్రం. అది లవణం కాదు గాని వాడే రైతులు ఇంకా ఉన్నారు గనుక ఒక మాట. దానికి చలి శత్రువు. చలిలో నిలవ ఉంటే సీసా అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఆ మేరకు పై ద్రవంలో బలం తగ్గిపోతుంది. గది వేడి 25 డిగ్రీలకు తగ్గితే సరిగా పనిచేయదు. అదీకాక మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయంగా 2004లోనే తేల్చారు. సున్నం, బ్లీచింగ్ సరిగా వాడుకోగలిగితే దాని జోలికి పోకుండా ఉండటమే మేలని మా అభిప్రాయం.

గోడ మీద, ఆకు మీద

మందు మంచిదే, అప్పుడే కలిపిందే అనుకుందాం. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డులో చల్లితే గోడ పది నిమిషాల్లో ఆరిపోతుంది. క్రిములు చావాలంటే గోడ, తట్ట, చంద్రిక కనీసం అరగంట తడిగా ఉండాలి. ఆరితే పని ఆగుతుంది. గోడ మీద మిగిలే తెల్లటి పూత చూసి మురిసిపోకండి, అందులో చాలా భాగం సున్నమే. అందువల్ల వేసవిలో శుద్ధి తెల్లవారుజామున గాని, సాయంత్రం ఎండ తగ్గాక గాని పెట్టుకోండి. తలుపులు, కిటికీలు మూసి, ముందు మామూలు నీళ్లతో కడిగి తడిపి, ఆ తర్వాత మందు దండిగా చల్లండి.

ఆకు మీద చల్లే ఎరువుకు ఎండ చేసేది దీనికి వేరు. అర శాతం యూరియా నీళ్లు ఆకుకు హాని చేయవు. కానీ మిట్టమధ్యాహ్నం చల్లితే ఆకు మీది చుక్క నిమిషాల్లో ఇగురుతుంది. చుక్క సగమైతే గాఢత రెట్టింపు, పదో వంతు అయితే పది రెట్లు. ఆరిపోయే చివరి క్షణాల్లో ఆకు మీద ఉన్నది అర శాతం నీళ్లు కాదు. అంచులు మాడటం అందుకే. ఉదయం 9 లోపల, లేదా సాయంత్రం 4 తర్వాత చల్లితే చుక్క నిదానంగా ఆకులోకి ఇంకుతుంది.

ఉప్పుబోరు ఉన్నవారి మళ్లలో వేసవి అంతా జరిగేదీ ఇదే. లీటరులో 1 గ్రాము లవణం ఉన్న నీళ్లు పెట్టారు. సగం నీళ్లు ఆవిరైతే మిగిలిన తడిలో లవణం లెక్కన లీటరుకు 2 గ్రాములు. మళ్లీ తడి, మళ్లీ ఆవిరి. మే నెలకు గట్ల మీద తెల్లటి పొర. మల్చింగు, పచ్చిరొట్ట, వాన పడినప్పుడు నీరు బయటికి పోకుండా మళ్లలోనే ఇంకేలా చేయడం ఇవే దీనికి మార్గాలు. ఇది వేరే పాఠం.

మొదట చెప్పిన ఇంటివారు ఆ రోజు పాత నీళ్లను షెడ్డు చుట్టూ ఉన్న కాలువలో పారబోసి, సాయంత్రం కొత్తగా కలుపుకుని చల్లారు. ఇప్పుడు వారు చేసుకుంటున్న ఏర్పాటు మాకు బాగా నచ్చింది. ముందురోజు రాత్రే సున్నపు నీళ్లు కలిపి, మూతపెట్టి నీడలో ఉంచుతారు. సున్నానికి వేచి ఉండటం వల్ల నష్టం లేదు, మూత మాత్రం ఉండాలి. బ్లీచింగ్ పౌడరును ఒక్కొక్క స్ప్రేయరు ట్యాంకుకు సరిపడా తూచి, చిన్న చిన్న పొట్లాలుగా గట్టిగా కట్టి ఇంట్లో చల్లటి మూల పెట్టుకుంటారు. కరెంటు వచ్చి మోటారు తిరిగిన తర్వాతే మొదటి పొట్లం విప్పుతారు. ఒక ట్యాంకు అయ్యాక రెండోది. మధ్యలో కరెంటు పోతే వేస్టు అయ్యేది ఒక్క పొట్లమే. పొట్లాలు కట్టేది ఆ ఇల్లాలే. ఒక్కొక్కదాని మీద కొన్న తేదీ కూడా బొగ్గుతో రాసి పెడుతుంది.